ఫ్యాను వేయని గదిలో వీడియో

గద్వాలలో మా ఇంటికి రెండిళ్ల అవతల ఒక నేతవారి ఇల్లుంది. భార్యాభర్తలిద్దరూ నేస్తారు. కానీ వీధిలో ఎవరినడిగినా నేసేది ఆయనే అంటారు. ఆమె కండెలు చుడుతుందని అందరి లెక్క. కిందటి ఎండాకాలం, కొత్తగా పెట్టబోయే ఒక శిక్షణ కేంద్రంలో నేత నేర్పేవాళ్లు కావాలని ప్రకటన వస్తే ఆమె దరఖాస్తు చేసింది. తానే స్వయంగా నేస్తున్న వీడియో పంపాలన్నారు. మధ్యలో ఎక్కడా కోయకూడదు. ఫైలు మాత్రం వాళ్లు చెప్పిన పరిమాణం దాటకూడదు.

ఆ వీడియో నా ఫోనుతో నేనే తీశాను. చీర నూలు ఒంటికి పట్టు అంచును పోగు పోగునా కలిపే పని, వీడియో గంటకు కాస్త తక్కువ. ఆ కలిపే చోటు స్పష్టంగా కనబడాలని ఫోనులో ఉన్న అన్నిటికన్నా ఎక్కువ నాణ్యత పెట్టాను. పంపబోతే ఫైలు మరీ పెద్దదని వెబ్‌సైటు తిప్పికొట్టింది. మర్నాడు సాయంత్రం ఐదింటికి గడువు.

చిన్న ఫైలుగా మార్చే పని నా ల్యాప్‌టాప్‌లో చేయాలి. సరిగ్గా ఆ గడువు రోజే మా వైపు లైను మరమ్మతు అని కరెంటు తీశారు. వాళ్లింటికి వేరే లైను, అక్కడ ఉంది. ల్యాప్‌టాప్ పట్టుకుని ఉదయం టిఫిను కాగానే అక్కడికే వెళ్లాను.

మగ్గం గదిలోనే ఒక మూల నాకు చోటిచ్చారు. ఆయన గుంటలో కాళ్లు పెట్టుకుని, నాడెను పోగుల మధ్య అటూ ఇటూ విసురుతూ నేస్తున్నాడు. ఫ్యాను ఉంది గానీ వేయరు. గాలికి మగ్గానికి ఎక్కించిన పడుగు ఆరిపోతుంది, సన్నని పోగులు తెగుతాయి. నేను నేల మీద కూర్చుంటుంటే ఆమె అడ్డుపడింది.

"కింద పెట్టకు సారూ, అంత ఖరీదు వస్తువు," అని బొంతను నాలుగు మడతలు వేసి తెచ్చి, దాని మీద ల్యాప్‌టాప్ పెట్టించింది.

ఫైలు చిన్నది చేసే ఎన్‌కోడింగ్ మొదలుపెట్టాను. ఇంకా రెండు గంటలు పడుతుందని తెర మీద వచ్చింది. బోలెడు సమయం ఉందనుకుని ఇంటికి వెళ్లి మందులు వేసుకుని వచ్చాను. వచ్చేసరికి ల్యాప్‌టాప్ మీద తువాలు కప్పి ఉంది.

"దూది పడుతుంటె కప్పిన," అంది ఆమె.

తువాలు తీసి చూస్తే, మిగిలిన సమయం తగ్గకపోగా నాలుగు గంటలైంది.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కాలువ గేట్ల దగ్గర నీటిమట్టం రాసినవాణ్ణి. గేటు ఒకసారి కదిపితే, నీళ్లు ఏం చేస్తాయో చూసి, రాసుకుని, ఆ తర్వాతే మళ్లీ కదిపేవాళ్లం. ఇక్కడా అదే పద్ధతి పట్టాను. తెరిచి ఉన్న మిగతా ప్రోగ్రాములన్నీ మూసేశాను. కాసేపు చూశాను. తేడా లేదు. చార్జర్ వదులైందేమోనని నొక్కి చూశాను. బాగానే ఉంది. వెనక వైరస్ తనిఖీ ఏదో నడుస్తుంటే ఆపాను. తేడా లేదు. ఒక్కొక్కటీ డైరీలో రాసుకుంటున్నాను. ఆమె నా పెన్ను వైపు, గోడ గడియారం వైపు మార్చి మార్చి చూస్తోంది.

"సారు రాసుడు అయిపోయేసరికి వాళ్లు దుకాణం బంద్ జేస్తరు," అన్నాడు ఆయన మగ్గం మీద నుంచి.

"నువ్వు నీ నాడె జూసుకో," అంది ఆమె.

ఇక మిగిలింది ఒకటే. పని రద్దు చేసి, బొమ్మ సైజు తగ్గించి మళ్లీ మొదలుపెట్టాలి. అప్పుడు తొందరగా అవుతుంది. కానీ అప్పటికి అయిన సగం పోతుంది. ఆమెకు అదే చెప్పాను.

"తగ్గిస్తె అంచు కలిపే కాడ పోగులు కండ్లవడతయా?"

"మసకగా ఉంటాయి బిడ్డా."

"అయితె వద్దు. అది కండ్లవడకుంటె నేను నేసినట్టెట్ల ఎరుకయితది?"

రద్దు చేయలేదు. చేయకపోతే ఐదులోపు అయ్యేలా లేదు. భోజనం వేళ దాటింది, ఎవరం లేవలేదు. ప్లగ్గు దగ్గరికి జరుపుదామని ల్యాప్‌టాప్ కింద చెయ్యి పెట్టి, చటుక్కున వెనక్కి తీశాను. పెనంలా కాలుతోంది. బొంతలోకి దిగబడి, కింద గాలి పీల్చుకునే సందులు మొత్తం మూసుకుపోయాయి. పైగా ఆ సందుల నిండా నూలు దూది. వేడెక్కితే యంత్రం తనను తాను కాపాడుకోవడానికి పని నెమ్మది చేసుకుంటుందని నాకు తెలియని సంగతి కాదు. ఉదయం నుంచీ తెర మీదే వెతుకుతున్నాను.

పని కాసేపు ఆపి, ముడులు ఏరే చిన్న పట్టకారుతో దూది లాగాను. బొంత తీసేసి, రెండు పాత నాడెలు అడ్డంగా పెట్టి వాటి మీద ల్యాప్‌టాప్ నిలిపాను. మళ్లీ నడిపితే కొంచెం వేగం వచ్చింది. కానీ గదిలో గాలే వేడి. పది నిమిషాలకు మళ్లీ మందగించింది.

"ఫ్యాను కావాలి," అన్నాను.

"ఫ్యానేస్తె నా పడుగు కరాబయితది," అన్నాడు ఆయన. "బయటికి తీస్కపోండ్రి."

బయట బండలు కాలుతున్నాయి. ఆమె లేచింది. బకెట్లో పాత పంచె ముంచి పిండి, ఆయన ముందున్న పడుగు ఆరిపోకుండా దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకు పరిచింది. వెళ్లి స్విచ్చి వేసింది.

"ఏందే, నా పని బంద్ జేస్తివి? ఇగ నేనేం జెయ్యాలె?"

"రాట్నం ఉంది గద. కండెలు జుట్టు."

ఆయన నా వైపు చూశాడు. నేను తెర వైపు చూశాను. కాసేపటికి రాట్నం చప్పుడు మొదలైంది, ఆగి ఆగి.

"దారం గట్ల వదులు ఇడ్వకు," అంది ఆమె, తల తిప్పకుండానే.

మిగిలిన సమయం తగ్గుతూ వచ్చింది. నాలుగున్నర దాటాక ఫైలు చేతికొచ్చింది. నేను అలవాటుగా మొదటి నుంచి చూడబోయాను.

"సారూ! పంపుండ్రి ముందు!"

చూడకుండా ఏ కాగితమూ పైకి పంపినవాణ్ణి కాదు. ఫైలు మధ్యలో చెడిపోయి ఉంటే? చివర తెగిపోయి ఉంటే? గడియారం చూసి పంపేశాను. అప్‌లోడు గీత సాగుతున్నంతసేపూ ఆమె నా భుజం వెనక నిలబడింది. ఐదుకు నాలుగు నిమిషాల ముందు ఆమె ఫోనుకు వీడియో అందినట్టు మెసేజి వచ్చింది. చదివి వినిపించమంది. రెండుసార్లు చదివాను.

అప్పుడు ముగ్గురం కూర్చుని వీడియో మొదటి నుంచి చూశాం. ఫైలు ఎక్కడా తెగలేదు, ఆగలేదు. ఒకచోట ఆమె చేతి కింద పట్టు పోగు తెగింది. అది నేను తీసినప్పుడు గమనించనే లేదు.

"వాళ్లు గిది జూస్తె?" అన్నాడు ఆయన.

"చూడనీ," అంది ఆమె.

తెర మీద ఆమె వేళ్లు ఆ రెండు కొసలనూ పట్టుకుని, మెలేసి, ముడి అంచు లోపలికి పోయేలా అతికాయి. చెయ్యి మళ్లీ నాడె మీదికి వెళ్లింది. ఆయన ముందుకు జరిగాడు.

"జర ఎనకకు తీయి సారూ," అన్నాడు. "ఆ అతుకు ఇంగొక్కపారి జూస్త."