కొసరి వడ్డించే పెద్దిరాజు

వీరవాసరం దాటిన కాసేపటికి బస్సు ఆగిపోయింది. ముందు రొయ్యల లారీ ఒకటి మార్జిన్లోకి ఒరిగి రోడ్డుకి సగం అడ్డం పడింది. ట్రేల్లోని ఐసు కరిగి తారు మీద కాలవ కట్టింది. డ్రైవరు ఇంజను ఆపి, "క్రేను వచ్చేదాకా ఇంతేనండి, దిగేవాళ్ళు దిగండి" అని తనే ముందు దిగిపోయాడు.

పెద్దిరాజుకి దిగాలనీ అనిపించలేదు, కూర్చోవాలనీ అనిపించలేదు. వెనక సీటాయన "జరగండి బాబూ" అంటూ తోసుకొచ్చేసరికి ఆ తోపుకే కిందికి దిగాడు. చెట్టు నీడలో సోడా బండి ఉంది. అక్కడ నిలబడ్డ తెల్ల చొక్కా మనిషి ఈయన్ని చూసి గ్లాసు దించాడు.

"ఆగండాగండి... పెద్దిరాజు గారేనా?"

ఆ మనిషి డేనియల్ మాస్టారు. హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. పెద్దిరాజు అక్క పిల్లలిద్దరికీ, ఆదిత్యకీ భవ్యకీ లెక్కలు చెప్పినవాడు. ఇవాళ పాలకొల్లు ఫంక్షన్ హాల్లో భవ్య పెళ్ళి. ఇద్దరూ వెళ్తున్నది అక్కడికే.

"సగమైపోయారేంటండి రాజుగారూ?"

"షుగరు కంట్రోల్లో పెట్టానండి" అన్నాడు పెద్దిరాజు. ఎవరేమడిగినా ఈ మధ్య ఆయన చెప్పే జవాబు ఇదే. దీంతో అవతలివాళ్ళు సంతోషించి ఊరుకుంటారు.

ఈ సీమలో ఒకప్పుడు కొత్త మనిషి ఎదురైతే "ఏ ఊరండి?" అనేవారు. తర్వాత "ఎన్నెకరాలండి?" అన్నారు. ఇప్పుడు "ఎంతుందండి?" అంటే చాలు, షుగరని పిల్లలక్కూడా తెలుసు. పలకరింపూ అదే, సానుభూతీ అదే, పోటీ అదే. కల్లు పాకలోనూ, గుడి మెట్ల మీదా, చేపల వేలంలోనూ మనుషులు తమ తమ అంకెలు చెప్పుకుంటారు. అంకె బాగుంటే మనిషి బాగున్నట్టే లెక్క.

పెద్దిరాజు అంకె ఇప్పుడు బంగారంలా ఉంది. రక్తం పరీక్షకి ఇవ్వాల్సిన రోజని భార్య అలివేలుమంగని నిన్ననే ఆడవాళ్ళతో పెళ్ళికి పంపేసి, పొద్దున్నే ఒక్కడూ భీమవరంలో డాక్టరు దగ్గరికి పోయాడు. మూడు నెలల షుగరు ఆరున్నరకి దిగింది. డాక్టరు కాగితం చూసి, మనిషిని చూడకుండానే, "శెభాష్ రాజుగారూ! మీ డైటు గురించి మిగతా పేషెంట్లకి మీరే క్లాసు చెప్పాలి" అన్నాడు. డైటు ఏమిటో పెద్దిరాజుకి తెలియదు. నాలుగో ముద్ద దగ్గర చెయ్యి ఆగిపోతుంది, అంతే. నిద్ర రాదు. రేడియో పెట్టి వినడు. కోడలు కొత్త చీర కట్టుకుని దణ్ణం పెడితే దీవించడానికి మాట వెతుక్కోవాలి. ఇదంతా ఆయన చెప్పలేదు, డాక్టరు అడగలేదు.

డేనియల్ సోడా డబ్బులిచ్చి, నెమ్మదిగా అడిగాడు. "అన్నం మానేస్తే తగ్గిందా అండీ, అన్నం మీద మనసు పోయి తగ్గిందా?"

పెద్దిరాజు చురుగ్గా చూశాడు. "ఏంటి మాస్టారూ, మీ ఉద్దేశం?"

"నాకూ షుగరేనండి. నాకూ ఇలాగే తగ్గింది. పొద్దున్నే మంచం మీంచి కాళ్ళు కింద పెట్టడానికి ఒక్క కారణం కనపడేది కాదు. మా ఆవిడ పోయినందుకు అనుకున్నారు ఊళ్ళో. ఆవిడ ఉండగానే మొదలైందండి బాబూ. ఆవిడకి చెప్పుకోలేదు, అంతే. రాజమండ్రిలో మనసు డాక్టరు దగ్గరికి వెళ్ళాను. షుగరున్న వాళ్ళకి ఈ దిగులు పక్కనే నడుస్తూ ఉంటుందన్నాడు ఆయన. మందులిచ్చాడు, మాట్లాడాడు. గురువారం మళ్ళీ వెళ్తున్నాను. తోడు రండి."

"మా ఇంట్లో పిచ్చోళ్ళు లేరు మాస్టారూ."

"మా ఇంట్లోనూ లేరండి. షుగరు మీ ఇంట్లో ముందెవరికైనా ఉందా?"

"లేదు."

"మరి వచ్చింది కదా!"

సోడా బండివాడు కిసుక్కున నవ్వాడు. పెద్దిరాజుకి ఒళ్ళు మండింది. చాలా రోజుల తర్వాత మండింది గనక అది కాస్త బాగానే ఉంది కూడా.

"ఇవాళ మొదటి బంతికి నెయ్యి గిన్నె నాదే. ఆదిత్య ఫోన్ చేసి మరీ చెప్పాడు. నేను బంతిలో నిలబడి వడ్డిస్తాను, మీరే చూస్తారు. చూశాక కూడా నాకేదో ఉందంటే, ఆయ్, మీ డాక్టరు దగ్గరికి నేనే వస్తాను."

"మాటేనాండీ?"

"రాజు మాట మాస్టారూ."

క్రేను రాలేదు. ఇద్దరూ షేరాటో ఎక్కారు.

మనుషులకి అన్నం పెట్టే తీరు దేశంలో నానా రకాలు. కావేరి ఒడ్డున ఆకులో ఏది ఏ మూల పడాలో అది ఆ మూల పడుతుంది, అంతటితో వడ్డన అయిపోతుంది. పంజాబు గురుద్వారాల్లో రెండు చేతులూ చాచినవాడికి రొట్టె దొరుకుతుంది, చాచనివాడి జోలికి ఎవరూ పోరు. గోదావరి కాలవల కింద మాత్రం ఆకు నిండాక గాని అసలు వడ్డన మొదలవదు. నిండిన ఆకులో ఇంకోటి వేయించడమే ఇక్కడ మర్యాద. దానికో మనిషి కావాలి. భీమవరం చుట్టుపక్కల రాజుల పెళ్ళిళ్ళలో ముప్ఫై ఏళ్ళ పాటు ఆ మనిషి పెద్దిరాజు. పొలం పెద్దగా లేదు, చదువు అంతకన్నా లేదు. ఉన్న చేను కూడా రొయ్యల చెరువుకి లీజుకి పోయాక పొద్దున్న లేచి పోవడానికి గట్టు కూడా లేకపోయింది. కానీ శుభలేఖ వేయించకముందే ఆయనకి కబురొచ్చేది.

"వద్దు" అంటూ ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టేవాళ్ళ గురించి ఆయన లెక్క ఆయనకి ఉండేది. వేళ్ళు ఎడంగా పెట్టినవాడికి నెయ్యి కావాలి, ఆ సందుల్లోంచి పొయ్యమనే అర్థం. వేళ్ళు దగ్గరగా పెట్టినవాడు బతిమాలించుకోవాలని చూస్తున్నాడు. మనిషే ఆకు మీదికి వంగి రెండు చేతులా కప్పేస్తేనే వదిలెయ్యాలి, అదీ రెండోసారి అడిగాక. "ఏవండోయ్, మా ఇంటికొచ్చి డైటింగా? అది మీ ఊళ్ళో చేసుకోండి!" అనేవాడు వియ్యంకుళ్ళని. "ఈ నెయ్యి మీ పేరు చెప్పి తీశారండి. కాదన్నారని తెలిస్తే రేపు మా గేదె మమ్మల్ని తన్నుద్ది" అనేవాడు. బంతి బంతంతా నవ్వేది. ఆ నవ్వులో ఇంకో గరిటె పడేది. షుగరు ఉన్నవాళ్ళకీ పడేదని వేరే చెప్పక్కర్లేదు. ఆ పాపంలో ఆయన వాటా ఆయనకి ఉంది.

తర్వాత ఆయనకే వచ్చింది. వచ్చినా ఆగలేదు. రెండేళ్ళ కిందట ఆకివీడులో ఒక పెళ్ళిలో సాంబారు బకెట్టు ఒలికి పాదం మీద పడింది. షుగరుకి పాదాలు మొద్దుబారి ఆయనకి తెలియలేదు. కాలిన కాలితో బంతి చివరిదాకా నవ్విస్తూ నడిచాడు. ఎవరో ఆడకూతురు చూసి కెవ్వుమంది. చిటికెనవేలు తీసేశారు. ఆ వేలు పోయాక డాక్టరు నల్ల చెప్పులిచ్చి, ఇంట్లో కూడా విప్పకూడదన్నాడు. ఆకుల మధ్యకి చెప్పులతో ఎవడు వెళ్తాడు? కబుర్లు రావడం మానేశాయి. శుభలేఖలొచ్చేవి, కబుర్లు కాదు. ఆ తేడా తెలిసినవాడికి తెలుస్తుంది. మనసు ఏ రోజు నుంచి దిగజారిందో మాత్రం ఆయనకే తెలియదు. వేలికైతే కట్టు కట్టారు.

ఫంక్షన్ హాల్లో మూడొంతులు బఫే. యూనిఫారాల కుర్రాళ్ళు, చేతులకి ప్లాస్టిక్ తొడుగులు. ఒక మూల పూలదండ వేసిన బోర్డు: షుగరు వారికి ప్రత్యేకం. అక్కడ పుల్కాలు, కాకరకాయ వేపుడు, పంచదార లేని పాయసం. పెద్దలకీ మగపెళ్ళివారికీ మాత్రం పక్క గదిలో అరిటాకులేసి బంతి పెట్టారు.

బావ రామభద్రరాజు ఎదురొచ్చి భుజం చరిచాడు. "ఎంతొచ్చింది?"

"ఆరున్నర."

"ఆరున్నరే! ఏవండోయ్, విన్నారా? మా బావమరిది ఆరున్నర!" అని నలుగురికీ చెప్పి, అందరూ చూస్తుండగా షుగరు బోర్డు వైపు చెయ్యి పట్టి నడిపించబోయాడు.

"నెయ్యి గిన్నె ఏది బావా?" అన్నాడు పెద్దిరాజు.

రామభద్రరాజు కొడుకు వైపు చూశాడు. ఆదిత్య తల గోక్కుని, "ఉంది మావయ్యా, నీకోసమే ఉంచాను. కాళ్ళు జాగ్రత్త మరి" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. వాళ్ళందరూ ప్రేమగానే ఉంటారు, అదే ఆయనకి ఊపిరాడనివ్వదు.

పెద్దిరాజు గుమ్మం దగ్గర నల్ల చెప్పులు విప్పి, పంచె ఎగ్గట్టి, గిన్నె అందుకున్నాడు. డేనియల్ గుమ్మం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆకుల్లో ముద్దపప్పు, ఆవకాయ పడ్డాయి. పెద్దిరాజు నడిచాడు. అడుగు తడబడలేదు. మొదటి ఆకు, రెండో ఆకు, మూడో ఆకు. వెనకనుంచి ఎవరో "అదిగో మన పెద్దిరాజు!" అన్నారు. కిందటి కాలం తిరిగొచ్చినట్టే ఉంది చూసేవాళ్ళకి.

నాలుగో ఆకు పెళ్ళికొడుకు తండ్రిది. భారీ మనిషి, సరదా మనిషి. కొసరించుకోవాలనే కూర్చున్నాడు. "చాలండి, చాలు" అంటూ వేళ్ళు ఎడంగా పెట్టి, ఆకు మీద చెయ్యి చాపి, నవ్వుతూ తలెత్తాడు. ఇక మాట పెద్దిరాజుది. బంతి అంతా ఆ మాట కోసమే ఇటు తిరిగింది.

మాట రాలేదు.

మరిచిపోయి కాదు. గేదె మాటా గుర్తుంది, వియ్యంకుడి మాటా గుర్తుంది. ఆ నవ్వే మొహాన్నీ, ఆ పప్పునీ, ఆ ఆకునీ చూస్తుంటే, ఈయన ఇంకో గరిటె ఎందుకు తినాలో ఆయనకి తోచలేదు. అసలు ఎవరైనా ఎందుకు తినాలో కూడా తోచలేదు. లోపల అంతా నీళ్ళు తోడేసిన చెరువులా ఉంది. గిన్నె మాత్రం వంగింది. నెయ్యి వేళ్ళ మీద పడింది, పప్పు మీద పడింది, ఆకు దాటి పెళ్ళికొడుకు తండ్రి పట్టుపంచె మీదికి పారింది. పెద్దిరాజు ఆపలేదు.

"షుగరు డౌనయింది!" అని ఎవరో అరిచారు.

అంతే, బంతి లేచిపోయింది. నలుగురు పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు. ఒకాయన తన ఆకులోని బొబ్బట్టు తుంచి నోట్లో కుక్కాడు. అలివేలుమంగ పంచదార నీళ్ళతో పరుగెత్తుకొచ్చింది. "చెప్తే వినరు కదా! వినరు కదా!" అంటూ గ్లాసు పళ్ళకి ఆనించింది. ముగ్గురి జేబుల్లోంచి మూడు షుగరు మిషన్లు బయటికొచ్చాయి. నాది కొత్తదంటే నాది కరెక్టని కాసేపు వాదించుకుని, వేలు పొడిచారు.

"నూట ఇరవై!"

"నూట ఇరవయ్యా? బంగారం!"

"ఏమీ లేదండీ, ఏమీ లేదు. ఎండ దెబ్బ. కూర్చోండి, కూర్చోండి."

ఏమీ లేదన్న మాట బంతి చివరిదాకా పాకింది. పెళ్ళికొడుకు తండ్రి పంచె దులుపుకుని, "నెయ్యి పోస్తే మీ పెద్దిరాజు గారే పొయ్యాలండి!" అని పెద్దగా నవ్వాడు. అందరూ నవ్వారు. పెద్దిరాజుకి ఆ రోజు దక్కిన నవ్వు అది.

ఆదిత్య గుమ్మం దగ్గర్నుంచి నల్ల చెప్పులు తెచ్చి, పట్టుబట్టలతోనే నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, మావయ్య పాదాలు ఒక్కొక్కటే ఎత్తి తొడిగాడు. వేలు లేని పాదం దగ్గర పట్టీ బిగించి, "నొప్పిగా ఉందా మావయ్యా?" అన్నాడు. ఫొటోగ్రాఫరు ఆ దృశ్యం బాగుందని రెండు తీశాడు.

"వీడెంత బుద్ధిమంతుడో చూడండి" అంది ఎవరో ముసలమ్మ.

గిన్నె క్యాటరింగు కుర్రాడి చేతికి పోయింది. వాడు ఎవరినీ అడక్కుండా ఆకుకో గరిటె చొప్పున పోసుకుంటూ పోయాడు. జనం మళ్ళీ తిండిలో పడ్డారు. అలివేలుమంగని లోపల పెళ్ళికూతురి దగ్గరికి పిలిచారు. "కదలకండి, వస్తున్నా" అని ఆమె వెళ్ళింది.

డేనియల్ కుర్చీ దగ్గరగా జరుపుకున్నాడు. గొంతు తగ్గించి, "షుగరు కాదు కదండీ రాజుగారూ?" అన్నాడు.

పెద్దిరాజు మూతికంటిన బొబ్బట్టు పూర్ణం తుడుచుకున్నాడు.

"నూట ఇరవై అన్నారు కదండీ" అన్నాడు.

"అది విన్నాను. మాటిచ్చారు, గురువారం."

"అందరూ చూశారు కదా మాస్టారూ. ఏమీ లేదన్నారు. ఇంతమంది అంటుంటే మీరొక్కరూ, నేనొక్కడినీ..."

"ఇద్దరం చాలండి" అన్నాడు డేనియల్.

పెద్దిరాజు లేచాడు. రాజుల ఇళ్ళలో చెప్పకుండా వెళ్ళడం తిట్టిన దానికన్నా పెద్ద తప్పు. అల్లుడు అలిగినా గుమ్మం దగ్గర నిలబడి వెళ్ళొస్తానండి అని అలుగుతాడు. పెద్దిరాజు బావకి చెప్పలేదు. పీటల మీద ఉన్న మేనకోడలి వైపు తిరగలేదు. లోపల ఉన్న భార్యని పిలవలేదు. డేనియల్ లేచి "రాజుగారూ, ఒక్క నిమిషం" అంటూ గేటు దాకా వెంట వచ్చాడు. ఆయన ఆగలేదు.

రోడ్డు మీద షేరాటో కుర్రాడు "భీమవరం, భీమవరం, ఒక్కరే ఒక్కరు!" అని అరుస్తున్నాడు. పెద్దిరాజు వాడిని దాటి, ఎండలో, ఎటు వెళ్తున్నాడో చూసుకోకుండా నడిచిపోయాడు.