విమానం పిడి మీద రెండు మాటలు

ఆ రోజుల్లోనే ఈ సంగతి రాసి ఉంటే మా ఆయన్ని ఇంకా బాగా తిట్టి ఉండేదాన్ని. అప్పటికి కోపం వేడిగా ఉంది, కానీ చేతిలో అక్షరాలు లేవు. నన్ను బడికి పంపకపోలేదు. పంపిన రెండు నెలలకే కోతలు వచ్చాయి, కళ్ళంలో ఎడ్ల వెనక తిరగడానికి మనిషి కావలసివచ్చింది. పరిచిన వరి పనల మీద, మధ్యన పాతిన రాట చుట్టూ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎడ్లను తోలేదాన్ని. వరి అయితే మినుములు, మినుములయ్యాక పెసలు, ఆ తర్వాత మళ్ళీ వరి. అలా తిరిగి తిరిగి బడి దారి మరిచిపోయాను. నలభై దాటాక, మా ఊరి పొదుపు సంఘంలో వేలిముద్రలు వేసే ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి ఒక పంతులమ్మగారు నేర్పితే నాకు చదువు వచ్చింది. (రెండు మాటలు మాత్రం అంతకు చాలా ముందే వచ్చాయి. ఈ గొడవంతా వాటి గురించే.)

పెళ్ళిచూపుల్లో మా నాన్న, "మా పిల్ల ఐదు చదివిందండి," అనేశారు. ఆయన అని ఊరుకున్నారు, మొయ్యాల్సింది నేను. మా ఆయన తెచ్చే వారపత్రిక ఒళ్ళో పెట్టుకుని, బొమ్మలు చూసుకుంటూ, ఒక్కో పేజీకి ఎంతసేపు పట్టాలో అంతసేపు ఆగి తిప్పేదాన్ని. ఎవరైనా నవ్వితే నేనూ నవ్వేదాన్ని. మా అత్తగారు ఇరుగుపొరుగుతో, "మా కోడలికి పుస్తకం ఉంటే అన్నం అక్కర్లేదమ్మా," అని చెప్పుకునేది. ఆ గొప్ప ఎప్పుడు కూలిపోతుందోనని రెండేళ్ళు బిక్కుబిక్కుమంటూ బతికాను.

అప్పుడే మా ఆయనకు విమానం పిచ్చి పట్టింది. ఆయనది తణుకులో మోటార్లకు వైండింగ్ చేసే షాపు. ఒకసారి రాజమండ్రి వెళ్ళినప్పుడు, కాలేజీ గ్రౌండులో ఎవరో బొమ్మ విమానం ఎగరేస్తుంటే చూశారట. చిన్న ఇంజను, రెండు రెక్కలు, ఒక తోక. విమానానికి రెండు సన్నటి స్టీలు తీగలు, ఆ తీగల చివర మన చేతిలో ఒక చెక్క పిడి. మనం మధ్యలో నిలబడితే అది చుట్టూ తిరుగుతుంది. పిడి ఇటు వంచితే పైకి, అటు వంచితే కిందికి. "అంతేనే, గాలిపటం కన్నా తేలిక," అన్నారు. గాలిపటానికి ఇంట్లోవాళ్ళ ప్రాణాలు తియ్యక్కర్లేదని ఆయనకు ఎవరు చెప్పాలి?

నాలుగు నెలలు నా వంటిల్లు వంటిల్లుగా లేదు. భాసికాలు చేసే జీలుగుబెండు తెచ్చి రెక్కలకు పక్కటెముకలు కోశారు. అవి ఎండడానికి నా చాటలే కావాలి. గరుకు కాగితంతో రుద్దితే ఆ పొడి ఆవకాయ జాడీ దాకా వెళ్ళింది. రెక్కలకు తొడగడానికి సిల్కు గుడ్డ కావాలని నా పెళ్ళి జాకెట్టు అడిగారు. ఇవ్వనన్నాను. మర్నాటికి అది రెక్క మీద ఉంది, జరీ అంచుతో సహా. ఆ గుడ్డ మీద, మా గేటుకు వేయగా మిగిలిన నీలం రంగు పూశారు. వేలి మీద నిలబెట్టి చూస్తే తోక బరువైంది. ముక్కులో చేపల వలకు కట్టే సీసం గుళ్ళు కూరారు. ఇంజనులో పోసేది కిరసనాయిలు, ఆముదం, ఇంకేదో ఘాటైన మందు. దాని వాసన చూసి మా అత్తగారు, "ఒరేయ్, దానికి విరేచనాల మందు ఎందుకురా?" అంది.

అంతా అయ్యాక అసలు సంగతి బయటపడింది. తాడుకు కొబ్బరికాయ కట్టి తిప్పుతూ సాధన మొదలుపెట్టిన మా ఆయన మూడో చుట్టుకే కళ్ళు తిరిగి పక్కనున్న బోదె కాలవలో పడ్డారు. మర్నాడు రెండో చుట్టుకే. బురద నీళ్ళు కారుతూ వచ్చి గుమ్మంలో నిలబడితే నాకు నవ్వాగక, "ఇంత మాత్రానికేనా, నేను చిన్నప్పుడు రోజంతా తిరిగేదాన్ని," అన్నాను. నోరు జారడమంటే అదే. ఆ సాయంత్రానికి విమానం నడిపేది నేనని తేలిపోయింది. కొబ్బరికాయతో యాభై చుట్లు తిరిగినా తొణకలేదు. పిడికి పైవైపు ఎర్ర దారం కట్టి ఉండేది. దారం పైకి, అంతే, ఇంకేం గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

ఆదివారం పొద్దున్న కోసేసిన చేలో జనం చేరారు. టీకొట్టాయన, వరసకు మా ఆయనకు బావ, ఊరి పెద్దలా నడుం మీద చేతులు పెట్టుకుని ముందు వరసలో నిలబడి, "ఇది లేస్తే వారం రోజులు టీ ఊరికే పోస్తానండి అందరికీ," అన్నాడు. మా ఆయన నా చేతిలో పిడి పెట్టి, "రాత్రి తీగలు మార్చానే. దారం ఊడిపోతోందని తీసేసి, పెయింటుతో 'పై', 'కింద' అని రాసేశా. చూసి పట్టుకో," అన్నారు.

చూశాను. ఒక కొసన చిన్న మాట, ఇంకో కొసన పెద్ద మాట. ఏది ఏదని అడగొచ్చు. కానీ పక్కనే మా అత్తగారు, "చదువుకున్న పిల్ల, దానికి చెప్పాలేంటి," అంటోంది. అక్కడికక్కడే ఆలోచించాను. పైకి వెళ్ళడం కష్టమైన పని. కష్టమైనదానికి ఎక్కువ రాయాల్సి ఉంటుంది. పెద్ద మాట పైకి పెట్టి గట్టిగా పట్టుకున్నాను.

ఇంజను జుయ్యిమంది. ఆయన విమానాన్ని చేత్తో వదిలారు. నడుమెత్తులో ఒక చుట్టు తిరిగింది, జరీ అంచు ఎండలో మెరిసింది. జనం చప్పట్లు. "లేపు, పైకి లేపు!" అన్నారు. లేపాను. అది దిగింది. "పైకే, పైకి!" ఇంకా లేపాను. అది ఇంకా దిగింది. "ఒసేయ్ పైకంటే వినపడదా!" బలమంతా పెట్టి లేపాను. తిన్నగా వెళ్ళి గట్టు పక్కన గడ్డిమేటులో ముక్కు గుచ్చింది. ఒక రెక్క అక్కడ, తోక ఇక్కడ. టీకొట్టాయన, "పోనీలే బావా, టీ ఖర్చు తప్పింది," అన్నాడు.

మా ఆయన పరుగున వచ్చి నా చేతిలో పిడి చూశారు. "తలకిందులుగా పట్టుకున్నావేంటే? ఇక్కడేం రాసుందో చదువు."

"రాదండీ," అన్నాను.

"ఏది రాదు?"

"చదవడం."

"మరి ఆ వారపత్రికలు?"

"బొమ్మలు చూసేదాన్ని."

మా అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాన్న అబద్ధం, నా రెండేళ్ళ నటన అన్నీ కలిసి ఆ గడ్డిమేటు మీదే కూలాయి. ఇక పుట్టింటికి పంపేస్తారేమో అనుకున్నాను. మా ఆయన కాసేపు నా వంక, కాసేపు రెక్క వంక చూసి, ఏడుపు గొంతుతో, "ఆ మాట ముందే చెబితే దారమే ఉంచేవాణ్ణి కదే!" అన్నారు. ఆయన బాధంతా అదొక్కటే. నాకు ఒళ్ళు మండిపోయింది. నా పరువు పోతే ఆయనకు దారం గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున్నే అందరికన్నా ముందు లేచి, వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లి, పిడి పక్కన పెట్టుకుని, ముగ్గుపిండితో ఆ చిన్న మాట వాకిలంత చేసి దించాను. మా ఆయన పళ్ళు తోముకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడి, మెడ వంచి చూసి, నన్ను దాటుకుని వీధిలోకి వెళ్ళి, ఇంటివైపు తిరిగి నిలబడి, "ఇటునుంచి చూస్తే 'పై' అనే ఉంది," అన్నారు. పిడిని తిప్పి పక్కన పెట్టుకుని, ముగ్గు చెరిపేసి, మళ్ళీ మొదలుపెట్టాను.