శాలువలు వద్దన్న ఏడాది

నేనుండేది వేలూరు, పాఠాలు చెప్పేది గుడియాత్తంలో. పొద్దున బస్సులో నా పక్కసీటు మా బడి లెక్కల టీచరుది. కే.వి.కుప్పం వచ్చేలోపు పిల్లల వేషాలన్నీ చెప్పి నన్ను కడుపుబ్బ నవ్వించేది. ఈ ఏడాది ఆ మనిషి కిటికీలోంచి చూస్తూ మాట్లాడకుండా కూర్చోవడం మొదలుపెట్టింది. రాత్రిళ్ళు నిద్ర లేదట. తరగతి గుమ్మం దాకా పోతే కాళ్ళు లోపలికి రావట.

"ఇంక నా వల్ల కాదక్కా. ఆండువిళా అయినాక రాజీనామా ఇచ్చేస్తా" అంది. ఆండువిళా అంటే మా బడి వార్షికోత్సవం. నాకు భయమేసింది.

వేలూరులో నాకు తెలిసిన కౌన్సెలర్ ఒకామె వారానికోసారి బడికి వస్తానంది. ఫీజు ఎవరిస్తారు? పిల్లలకైతే ఎవరినైనా అడగొచ్చు, టీచర్లకు ఎవరిస్తారమ్మా అని హెడ్మాస్టరు చేతులెత్తేశారు. నాకు ఒళ్ళు మండింది.

వార్షికోత్సవం ఏర్పాట్లు మాట్లాడటానికి పాత విద్యార్థులు వచ్చారు. మా వైపు వేదికెక్కిన వాళ్ళకు శాలువ కప్పందే కిందికి దించరు. దాన్ని మళ్ళీ ఎవరూ కప్పుకోరు. మడిచి దాచి, ఇంకో సభలో ఇంకొకరికి కప్పుతారు. నేను లేచి నిలబడ్డాను.

"ఈసారి శాలువలొద్దు నాయనా. ఆ డబ్బుతో మా టీచర్లకు కౌన్సెలర్‌ని పిలిపించండి."

వాళ్ళ సంఘానికి పెద్ద ఒక లుంగీల వ్యాపారి, మా మాదిరే తెలుగింటివాడు. "శాలువ కప్పకుంటే మర్యాద యాడుండాదమ్మా?" అన్నాడు.

"మా ఇంట్లో బీరువా నిండా మర్యాదే ఉండాది. కప్పుకొని ఏడ్చేదానికి కూడా పనికిరాలేదు."

ఆయన నవ్వి, ఏటా శాలువలకయ్యే డబ్బంతా దీనికే ఇస్తామని మాటిచ్చాడు. ఆ సాయంత్రం నా కాళ్ళు నేల మీద నిలిస్తే ఒట్టు. బస్సులో లెక్కల టీచరు చెయ్యి పట్టుకొని అంతా చెప్పాను.

"ఒక్కసారి వస్తాలేక్కా. నీ కోసం" అంది.

కౌన్సెలర్ వచ్చే మొదటి రోజు గేటు మీద ఇంత పెద్ద ఫ్లెక్సు. మనసు అలసిన ఉపాధ్యాయులకు స్వాగతమట. నాదస్వరం ఒక్కటే తక్కువ. దాని కింద మన వ్యాపారి, పక్కన ఫొటోగ్రాఫరు. లోపలికి పోయే మొదటి టీచరుకు కప్పడానికి ఆయన చేతిలో పెద్ద జరీ శాలువ. అది చూసి లెక్కల టీచరు గేటు దగ్గరే వెనక్కి తిరిగింది.

"ఇదేం పని నాయనా? లోపలికి ఎవరు పోయినారో ఊరికి తెలిస్తే ఇంకెవరొస్తారు?" అని ఆయన్ని నిలదీశాను.

పాపం, ఆయన మొహం చిన్నబోయింది. "ఒక్కటైనా కప్పకుంటే ఎట్లా అని తెచ్చినానమ్మా" అన్నాడు. ఫొటోగ్రాఫరును పంపేసి, తానే స్టూలెక్కి ఫ్లెక్సు విప్పాడు.

కౌన్సెలర్‌కిచ్చిన గదిలోకి వెళ్ళి చూస్తే కిటికీకి తెర లేదు, బయటినుంచి పిల్లలు తొంగి చూస్తున్నారు. గేటు దగ్గరికి పోయి ఆయన దగ్గరున్న శాలువ లాక్కొచ్చి కిటికీ నిండా కట్టేశాను. తర్వాత బస్టాపుకు పరుగెత్తాను. లెక్కల టీచరు ఇంకా అక్కడే ఉంది.

"ఎవరికీ కనపడవు, రా" అన్నాను. వచ్చింది.

ఇంటికి తిరిగి వెళ్ళే బస్సులో ఆమె కళ్ళు వాచి ఉన్నాయి. కే.వి.కుప్పం దాటినాక నా వైపు తిరిగింది.

"అక్కా, కిటికీకి కట్టిన శాలువ తీయొద్దని చెప్పు" అంది. "వచ్చే వారం కూడా కావాల."

సీట్లోంచి లేచి గంతులెయ్యాలనిపించింది. కండక్టరు చూస్తున్నాడని ఆగాను.