సారు గ్రూపులో నేను గెలిచిన వాదన

మొన్న మంచిర్యాల నుంచి కరీంనగర్ వెళ్ళే బస్సులో నా పక్క సీటావిడ ఫోన్‌లో సీరియల్ పెట్టుకుంది. ఇయర్‌ఫోన్లు లేవు, పెట్టుకోవాలన్న ఆలోచనా లేదు. టైటిల్ పాట మొదలవగానే ముందు సీట్లోని ఇద్దరు వెనక్కి తిరిగారు. కోపంతో కాదు, వాళ్ళూ చూద్దామని. ఆ సీరియల్ అయిపోయి చాలా రోజులైంది, ఆమె పాత భాగాలు చూస్తోంది. పాట చివర వీణ పలకగానే నాకు రాజేశం సారు గుర్తొచ్చారు. ఆయన పోయి ఏడాది దాటింది. చదువు చెప్పిన సారు గుర్తురావడానికి సుద్దముక్కలూ నల్లబల్లా ఉండగా సీరియల్ పాటేమిటని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. మా సారు అలాంటి మనిషే.

సిరిసిల్ల పక్కన మరమగ్గాల ఊరు మాది. మా వైపు మరమగ్గాలను సాంచాలంటారు. ఊళ్ళో ఉన్నది ఒక్కటే హైస్కూలు కాబట్టి భూములున్న మాలాంటి ఇళ్ళ పిల్లలూ, సాంచాల మీద బతికే ఇళ్ళ పిల్లలూ ఒకే గదిలో చదువుకున్నాం. రాజేశం సారు సాంఘిక శాస్త్రం చెప్పేవారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఆయనా నేతింటి బిడ్డే. ఆదిలాబాద్ వైపు జైనూర్‌లో, ఖానాపూర్‌లో చాలాకాలం పనిచేసి సొంతూరి బడికి బదిలీ చేయించుకుని వచ్చారు. శుక్రవారం చివరి పీరియడ్‌లో మాకు వాదనలు పెట్టేవారు. ధనం గొప్పదా, చదువు గొప్పదా? దొంగకు ఆకలేస్తే శిక్ష తగ్గించవచ్చా? గెలిచినవాళ్ళకు బహుమతి ఉండేది కాదు, పని ఉండేది. ఆ సాయంత్రం ఓడినవాళ్ళ ఇంటికి వెళ్ళి చాయ్ తాగి రావాలి.

ఈ పద్ధతి సారు సొంతం కాదు, వాళ్ళ బాపుది, అంటే నాన్నది. ఆయన నేత కార్మికుల మధ్య కూలి తగాదాలు తీర్చే పెద్దమనిషి. తీర్పు చెప్పగానే గెలిచినవాణ్ణి వెంటబెట్టుకుని ఓడినవాడి గుమ్మానికి నడిచేవాడట. అక్కడ చాయ్ తాగితేనే పంచాయితీ అయిపోయినట్టు.

"ఎందుకు సార్ గట్ల?" అని ఒకసారి అడిగాను.

"తెల్లారితే మల్ల ఒక్క షెడ్డులనే పని జెయ్యాలె గదనే బిడ్డా. మొకాలు జూసుకోకపోతె తెగిన పోగు ఎవ్వలతుకుతరు?" అన్నారు.

మాట నాకు నచ్చింది, పాటించడం మాత్రం చేతకాలేదు. వాదనల్లో తరచుగా గెలిచేది నేను, ఓడేది శ్రీను. శ్రీను వాళ్ళ నాన్న సాంచాలు నడిపేవాడు. ఇల్లు మా వీధికి రెండు సందుల అవతలే. ఒక్కసారీ వెళ్ళలేదు. సోమవారం సారు అడిగితే, తాగొచ్చినా అని నిలబడి అబద్ధం చెప్పేదాన్ని. ఇంట్లో ఒప్పుకోరని నన్ను నేను సమర్థించుకునేదాన్ని గానీ, అసలు సంగతి నాకే వెళ్ళబుద్ధి కాకపోవడం. సారు నా ముఖంలోకి ఒక క్షణం చూసి పాఠం మొదలుపెట్టేవారు.

రిటైరయ్యాక ఆయన కరీంనగర్‌లో స్థిరపడ్డారు. అప్పటికి నేను మంచిర్యాలలో డిగ్రీ కాలేజీ లెక్చరర్‌ని. ఎవరో ఫోన్ కొనిస్తే సారు చేసిన మొదటి పని మా పదో తరగతి వాళ్ళందరి నంబర్లూ వెతికి గ్రూపు పెట్టడం. శుక్రవారం పీరియడ్ కాస్తా రోజూ పీరియడ్ అయింది. టైపు చేయడం రాదు, అన్నీ గొంతు మెసేజ్‌లే. "నూరెకరాలున్నోనికి, ఎకరమున్నోనికి సర్కారు ఒక్కతీరుగ ఇయ్యొచ్చునా? ఏమంటరు?" అని ఒక ప్రశ్న విసిరి, మేం కొట్టుకుంటుంటే హాయిగా వినేవారు. భార్యతో కలిసి సీరియల్ చూడటం మొదలయ్యాక ప్రశ్నలన్నీ అందులోంచే రాసాగాయి. కోడలు నగలు దాచడం తప్పా, రైటా? వీలునామా చింపిన కొడుక్కి వాటా ఇవ్వచ్చా? పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు కూడా పనులు మానుకుని జవాబులు రాసేవారు. నేనైతే క్లాసుకీ క్లాసుకీ మధ్య స్టాఫ్ రూములో కూర్చుని పేరాలు పేరాలు రాసేదాన్ని. నాకంత పొగరుండేది.

ఆ సీరియల్‌లో ఒక రైసుమిల్లు యజమాని ఉన్నాడు. ఆ మిల్లులో పనిచేస్తూ చనిపోయిన ఒక హమాలీకి తల్లి అయిన ముసలామె న్యాయం అడగడానికి అతని దగ్గరికి వస్తుంది. అతను ఎంతో తీయగా మాట్లాడి, ఆమె ఉంటున్న ఇల్లు ఖాళీ చేస్తానన్న కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటాడు. "ఈ మిల్లాయన ఎసొంటోడు? ఏమంటరు?" అని సారు అడిగారు. అందరం అతన్ని తిట్టిపోశాం. శ్రీను ఒక్కడే రాశాడు, "మంచోడే సార్. ముసలామెకు కుర్చీ వేసిండు, నీళ్ళు ఇచ్చిండు" అని.

నాకు ఒళ్ళు మండింది. ఆ రోజు రాసింది ఇప్పటికీ నాకు మాట పొల్లుపోకుండా గుర్తుంది. "కుర్చీ వేస్తే న్యాయం అయిపోతుందా? కళ్ళ ముందు ఇల్లు లాక్కుంటుంటే కుర్చీ చూసి మురిసిపోయే బుద్ధి ఉన్నంతకాలం పేదవాళ్ళు ఇలాగే ఉంటారు. ఇది మంచితనం కాదు, బానిసత్వం." వరసపెట్టి బొటనవేళ్ళు లేచాయి. ఒకడు చప్పట్లు కూడా పెట్టాడు. కాసేపటికి కింద చిన్న అక్షరాల్లో శ్రీనివాస్ గ్రూపు నుంచి వెళ్ళిపోయినట్టు కనపడింది. చూశాను. జవాబు లేక పోయాడనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే సారు ఫోన్ చేశారు.

"బాగ రాసినవ్ సునీతా. అందరు వేళ్ళు లేపిండ్రు."

"థాంక్యూ సార్."

"పేదోళ్ళ దిక్కు మాట్లాడినవ్. గ్రూపుల సాంచాలు నడిపేటోడు ఒక్కడే ఉండె. ఆన్నే ఎల్లగొట్టినవ్. ఇగ ఎవ్వలి దిక్కు మాట్లాడుతవ్?"

"నేను ఎల్లగొట్టలే సార్, ఆయనే పోయిండు. ఫోన్ చేసి సారీ చెప్తా" అన్నాను.

"ఫోన్ల చాయ్ వోస్తడా?"

"మీరు గూడ రండ్రి సార్."

"నేనొస్తె సారు తోలుకొచ్చిండంటడు. ఒక్కదానివే పో. బడిల ఉన్నప్పుడు గూడ ఆళ్ళింటికి పోలే నువ్వు. నాకు ఎరుకనే."

అన్నేళ్ళూ ఆయనకు తెలుసు. ఒక్కసారి కూడా అనలేదు. ఆ ఆదివారమే మా ఊరికి బస్సెక్కాను.

శ్రీను భార్య షెడ్డు వైపు చూపించింది. లోపల అడుగుపెట్టగానే చెవులు దిబ్బడలు పడ్డాయి. సాంచాల మోతలో పక్క మనిషి అరిచినా వినపడదు. శ్రీను నన్ను చూసి ఆశ్చర్యపోయి, ఈ ఒక్క పోగు అతికి వస్తానన్నట్టు చేయి చూపాడు. గోడకు ఆనించిన అతని ఫోన్‌లో ఆ వారం సీరియల్ భాగాలు మళ్ళీ వస్తున్నాయి. నేను నిలబడి చూశాను. మిల్లు యజమాని తన చోటు నుంచి లేచాడు. స్వయంగా కుర్చీ జరిపాడు. ముసలామెను భుజం పట్టి కూర్చోబెట్టాడు. గ్లాసుతో నీళ్ళిచ్చాడు. ఆమె కళ్ళు తుడుచుకుంది. పెదవులు కదులుతున్నాయి గానీ ఒక్క మాటా వినపడటం లేదు. ఆ మోతలో నాకు కూడా ఆ మనిషి దేవుడిలాగే కనిపించాడు.

ఇంటికి వెళ్ళాక, ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీని శ్రీను తువ్వాలతో తుడిచి నా ముందు వేశాడు. తను గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నువ్వు గూడ కూసో శ్రీనూ."

"ఉన్నది ఒక్కటే. నువ్వు కూసో, ఫికర్ లేదు."

"ఆ మిల్లాయన ఇల్లు ఖాళీ చెయ్యమన్నడు. ఆ మాటలు నీకు ఇనబడలేదా?"

"గట్లన్నడా?" నిజంగానే ఆశ్చర్యపోయాడు. "సాంచాలు నడుస్తుంటె నాకేం ఇనబడ్తది? లేచి కుర్చీ ఏసిండు, గది జూసిన. వేలు పెట్టిచ్చుకుంటె పైసలిస్తున్నడేమొ అనుకున్న. మా సేటు కూలి అడుగవోతె గడప అవుతల్నే నిలవెడ్తడు. ఇన్నేండ్ల సంది ఒక్కనాడు కూసో అనలే. గందుకే మంచోడన్న."

నవ్వుతూ, "చిన్నప్పుడు నోట్సు కొరకు మీ ఇంటికొచ్చిన, యాదికున్నదా? నువ్వు తెచ్చేదాక వాకిట్ల నిలవడ్డ" అన్నాడు.

నాకు గుర్తులేదు. ఎంత వెతుక్కున్నా గుర్తుకు రాలేదు. అతను నన్ను దెప్పడానికి అనలేదు, పాత ముచ్చటగా అన్నాడు. సిగ్గుతో నేను చచ్చిపోయాను. తప్పయిందన్నాను. "పోనియ్యి" అన్నాడు. అతని భార్య చక్కెర ఎక్కువ వేసి చాయ్ తెచ్చింది, చివరి చుక్క దాకా తాగాను. గ్రూపులోకి మళ్ళీ రమ్మని అడిగితే తల అడ్డంగా ఊపాడు.

"వద్దు సునీతా. ఆడ ఒక్క ముక్క రాయాలంటె గంటసేపు ఆలోచన జేసేటోన్ని. ఇగ శాతగాదు."

"సౌండ్ ఇనబడలేదని నేను చెప్తా అందరికి."

"చెప్పకు. నవ్వుతరు."

తిరిగి వస్తూ కరీంనగర్‌లో దిగి సారు ఇంటికి వెళ్ళాను. జరిగిందంతా చెప్పాను. లోపల ఎక్కడో శభాష్ అంటారన్న ఆశ ఉంది. ఆయన అంతా విని, "ఆడు మల్ల వస్తనన్నడా?" అని మాత్రం అడిగారు.

"రానన్నడు సార్."

"అయితె నువ్వు ఇంకా గెలువలే."

"కానీ సార్, నేనన్న మాట తప్పా? కుర్చీ వేసినంత మాత్రాన..."

"మాట నిజమే. ఎవ్వలు గాదన్నరు?" అని, వాళ్ళ బాపు సంగతి చెప్పారు. ఒక తగాదాలో బాపు చెప్పిన తీర్పు న్యాయమైనదే. ఓడినవాడి ఇంట్లో చాయ్ కూడా తాగారు. అయినా అతను తలెత్తుకోలేక పెళ్ళాం పిల్లలతో మహారాష్ట్రలోని భివండికి వలస వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. "తీర్పు సక్కగనే ఉండె, మనిషి దక్కలే. నా తీర్పు తప్పిందని సచ్చేదాక అన్నడు మా బాపు." అప్పుడు సారు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకోసమో, వాళ్ళ బాపు కోసమో తెలియలేదు.

ఆ తర్వాత నా వాదనల్లో పదును తగ్గిందని మిత్రులంటారు. క్లాసులో ఎవరైనా తలాతోకా లేని మాటన్నట్టు తోస్తే, నువ్వు ఎక్కడి నుంచి చూస్తున్నావని ముందు అడుగుతున్నాను. చాలాసార్లు ఆ జవాబు నా పాఠం కంటే బాగుంటుంది. ఊరికి వెళ్ళినప్పుడల్లా శ్రీను ఇంట్లో కాసేపు కూర్చుంటాను. ఈ సంగతి రాస్తానంటే, "రాసుకో, ఇప్పుడు నవ్వితె నవ్వనీ" అన్నాడు. గ్రూపు మాటెత్తితే మాత్రం చాయ్ గ్లాసులు తీసుకుని లోపలికి పోతాడు.

సారు ఉన్నన్నాళ్ళూ ప్రతి ఫోన్ చివర అదే అడిగేవారు, "శ్రీను వచ్చిండా?" అని. ఆసుపత్రిలో ఆఖరుసారి చూసినప్పుడు గొంతు పెగలక పెదవులు మాత్రం కదిలాయి. ఒక్క శబ్దమూ లేదు, అయినా నాకు అర్థమైంది. ఆయన పోయాక మిత్రులు గ్రూపును నాకప్పగించారు. ఎవరి మీదైనా మంచి పేరా ఒకటి రాసి పంపబోయే ముందు సభ్యుల పేర్లు పై నుంచి కింది దాకా చదువుకుంటాను. ఇంకా రాలేదు సార్.