జ్యూరీ కాదు, జరీ!

నిన్న పొద్దున ఫోన్ మోగింది. స్క్రీన్ మీద కుళ్లాయప్ప మామ పేరు.

చూడగానే నవ్వొచ్చింది. మొన్న సాయంత్రం నుంచి ఏడుసార్లు చేశాడు, నేను ఎత్తలేదు. ఇక తప్పదు, తిట్లు తిందామని ఎత్తాను.

మాట్లాడింది మామ కాదు. అత్త.

"మీ మామ పోయినాడమ్మే. రాత్రి పండుకున్నోడు లేయనే లేదు."

కదిరిలో ధర్మవరం బస్సెక్కి కూర్చున్నా నాకు నమ్మకం కుదరలేదు. ఇప్పటికీ కుదరట్లేదు.

తెలియనివాళ్లకి చెప్తున్నా. మామ అంటే మా అమ్మ తమ్ముడు. ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. మగ్గం ఎదురుగా గోడకి టీవీ. సినిమా అవార్డుల లిస్ట్ వచ్చే రోజు మగ్గం బంద్! అన్నం కూడా టీవీ ముందే!

ఇక నేనంటారా, హైదరాబాద్‌లో చదివేటప్పుడు ఫిల్మ్ క్లబ్‌లో మెంబర్‌ని. సబ్‌టైటిల్స్ పెట్టుకుని ఊరూపేరూ లేని దేశాల సినిమాలన్నీ చూశాను. సినిమా గురించి నాకు తెలిసినంత మా చుట్టాల్లో ఎవరికీ తెలియదని ఒక పొగరు.

ఆ పొగరుతోనే ఒకసారి మామకి తప్పు దిద్దబోయాను.

టీవీలో "జ్యూరీ నిర్ణయం" అని చదువుతున్నారు. మామ గంభీరంగా తలూపుతూ, "జరీ వాళ్లు చెప్పినారంటే ఇంగ తిరుగులేదు" అన్నాడు.

నాకు పొట్ట చెక్కలయ్యేంత నవ్వు. "మామా, జరీ కాదు! జ్యూరీ!"

మామ అస్సలు తగ్గలేదు. చీర అంచు ఒకటి చేతిలోకి తీసుకుని, జరీ పోగుని గోటితో గీకి చూపించాడు.

"చూడమ్మే. గీకితే లోపల ఎర్రపట్టు కనపడల్ల. అప్పుడే అసలు జరీ. పైన మెరిసేదంతా ఉత్తదే. యాక్టింగూ అంతే. గీకి చూసేటోళ్లని జరీ అనక ఇంకేమంటారు?"



అప్పట్నుంచి మా ఇళ్లలో అందరికీ అది జరీనే. నేనే ఒకసారి ఆన్‌లైన్ ఫిల్మ్ గ్రూప్‌లో సీరియస్ రివ్యూ రాస్తూ "జరీ సభ్యులు" అని టైప్ చేసి పరువు తీసుకున్నాను!

ఇప్పుడు అసలు కథ.

ఈ ఉగాదికి అందరం ధర్మవరంలో ఉన్నాం. కరువు మీద తీసిన ఒక చిన్న సినిమా పెట్టుకుని చూస్తున్నాం. అందులో నీళ్ల ట్యాంకర్ సీన్. హీరోయిన్ బిందె చంకన పెట్టుకుని ఏడుస్తుంది. ఏం ఏడ్చిందండీ! నేను కళ్లు తుడుచుకుని, "సపోర్టింగూ మెయినూ అని లేదు, ఈసారి అవార్డులన్నీ ఈ అమ్మాయికే" అన్నాను.

మామ సినిమా ఆపేశాడు.

"ఆ పాప బిందె ఉత్తది."

"ఏంది మామా?"

"నీళ్లు లేవమ్మే దాంట్లో. నడుము చూడు, నిటారుగా ఉండాది. ఎనక పోతాండే అవ్వని చూడు."

వెనక్కి తిప్పి మళ్లీ వేశాడు. అవ్వ వేషం వేసినావిడకి సినిమా మొత్తంలో రెండే డైలాగులు. ఆ సీన్‌లో అవీ లేవు. బిందె ఎత్తుకుని ఫ్రేమ్ చివర నడిచి వెళ్తుంది, అంతే. కానీ ఒక పక్కకి ఒరిగి, రెండో చెయ్యి దూరంగా చాపి, నీళ్లు తొణకకుండా చిన్న చిన్న అడుగులు వేస్తూ.

మా అమ్మ నడక అదే. అత్త నడక అదే. చిన్నప్పుడు బోరింగ్ నుంచి ఇంటిదాకా నా నడకా అదే. నాకెందుకు కనపడలేదో!

అయినా ఒప్పుకుంటానా? "నడిచినందుకు అవార్డు ఎవరిస్తారు మామా?" అన్నాను.

"సపోర్టింగ్ అవార్డు ఆయమ్మకే. పందెం! ఓడిపోయినోళ్లు 'నాకు సినిమా తెల్దు' అని ఫేస్‌బుక్‌లో రాయల్ల."

"సరే!" అన్నాను.

మొన్న సాయంత్రం లిస్ట్ వచ్చింది.

బెస్ట్ సపోర్టింగ్ యాక్ట్రెస్, ఆ అవ్వ!!

ఆఫీసులో కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. వెంటనే మామ ఫోన్. ఓడిపోయిన మొహంతో ఎత్తబుద్ధి కాలేదు. కాసేపు ఊరించి రేపు మాట్లాడదాంలే అనుకున్నాను. నా తెలివి మండ.

మామ ఊరుకుంటాడా? వీధంతా మైసూర్‌పాక్ పంచాడట. పక్కింటివాళ్లు, "ఎవరికన్నా ఉద్యోగమొచ్చినాదా అన్నా?" అని అడిగారట. నిన్న శవాన్ని ఎత్తే ముందు కూడా ఒకావిడ అత్తని మెల్లగా అడిగింది, "అవార్డొచ్చిన ఆయమ్మ మీకేమైతాదక్కా?"

అత్త ఏడుపు ఆపి, "ఆయనకి బాగా కావల్సినాయమ్మ" అంది.

అంత ఏడుపులోనూ నవ్వేశాం. మామ ఉంటే అందరికంటే గట్టిగా నవ్వేవాడు.

ఫోన్ ఎత్తట్లేదని మొన్న వాయిస్ మెసేజ్ కూడా పెట్టాడు. బస్సులో విన్నాను. ఇప్పటికి ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు.

"ఏమ్మే సుజీ! ఓడిపోయినావని దాంకున్నావా? జరీ వాళ్లు గీకి చూసినారమ్మే! ఎరుపు వచ్చినాది! నేను చెప్పలే? ఇంగ రాయి. అందరికీ కనపడేటట్ల రాయి. పొద్దున లేస్తానే చూసుకుంటా."

లేవలేదు.

ఒక్కసారి ఎత్తి ఉంటే ఈ మాటలన్నీ నాకే చెప్పేవాడు. నేను తిట్టేదాన్ని, తను నవ్వేవాడు.

పందెం పందెమే మామా. అందరూ చదివేటట్టే రాస్తున్నా.

నాకు సినిమా తెల్దు.

మా కుళ్లాయప్ప మామకే తెలుసు.

ఈడ నువ్వే గెలిచినావు. ఆడ చల్లగా ఉండు మామా.