బిల్డులో లేని గొంతు

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే టీ పెట్టే మిషతో లేచిపోయే మనిషిని నేను. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పను. జరిగింది మాత్రం చెబుతాను.

ములకలపల్లి వైపు అడవి పల్లెల కోసం మా ఆఫీసు ఒక ఆరోగ్య యాప్ చేసింది. బటన్ నొక్కితే టీకాల కబుర్లు కోయ భాషలో వినిపిస్తాయి. గొంతు సోమమ్మది. అక్కడి ఒక ఊళ్లో ఆశా కార్యకర్త.

యాప్ కొత్త బిల్డు, అంటే కొత్త కూర్పు, తయారైన ప్రతిసారీ వచ్చే ఫైళ్లను సర్వర్‌లో రిపాజిటరీలనే అరల్లో దాస్తాం. ఏ రకం ఫైలుకు ఏ అర, అందులో ఎన్నాళ్లు ఉంచాలి అన్నది తేల్చడం నా పని. ఆడియోలకు విడిగా ఒక అర పెడదామని తోటివాళ్లు అన్నారు. ఇంకో అరను ఎవరు చూసుకుంటారులే అని వాటినీ పరీక్ష కోసం చేసే టెస్ట్ బిల్డుల అరలోనే పడేశాను. అక్కడ పాతవి వాటంతటవే చెరిగిపోతాయి.

సోమమ్మ జ్వరంతో చనిపోయింది. కొత్త కబుర్లతో కలిపి అన్నీ ఒకే గొంతులో ఉండాలని ఇంకో అమ్మాయితో కబుర్లన్నీ మళ్లీ రికార్డు చేయించాం. ఆ తర్వాత సోమమ్మ భర్త ముత్తయ్య ఆఫీసుకు వచ్చాడు.

"ఫొటో ఉంది మేడం. గొంతే లేదు. జర ఎతికి ఇయ్యుండ్రి," అన్నాడు.

వెతికాను. ఎక్కడా లేదు; ఆ అరలోంచి ఎప్పుడో చెరిగిపోయింది. ఊళ్లో ఫోన్లన్నీ అప్పటికే అప్‌డేట్ అయిపోయాయి. లేదని చెప్పడానికి ఎంత సిగ్గేసిందో.

కొన్నాళ్లకు ఆ ఊరు వెళ్లినప్పుడు అతను కొన్న కొత్త ఫోన్‌లో కొత్త యాప్ నేనే వేసి ఇచ్చాను. వారం తిరక్కుండానే ఫోన్ చేశాడు.

"లేదంటిరి గదా మేడం! మా సోమమ్మే మాట్లాడుతాంది."

పొరపాటు పడ్డాడనుకుంటూ వెళ్లాను. పట్టపగలు, ఇంటి ముందు మంచం మీద కూర్చుని బటన్ నొక్కాడు. సోమమ్మే. మాట చివర చిన్నగా దగ్గే అలవాటుతో సహా. చెబుతున్నది దోమతెరల పంపిణీ గురించి. ఆ కబురు మేం రాసిందే ఆమె పోయాక.

వెంటనే నా ఫోన్‌లో రికార్డు చేసుకోవాల్సింది. తోచలేదు. ఏది తేడాగా కనిపించినా తీసేసి మళ్లీ వేయడం మా సాఫ్ట్‌వేర్ వాళ్లందరికీ చేతికి పట్టిన అలవాటు. యాప్ తీసేసి మళ్లీ వేశాను. ఆ కొత్త అమ్మాయి గొంతు వినిపించింది.

"ఇంకోపారి నొక్కుండ్రి," అన్నాడు ముత్తయ్య. నొక్కాను. మళ్లీ ఆ అమ్మాయే.

"ఏంది మేడం, ఏడికి వోయింది?"

అతను నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఫోన్ చెవికి ఆనించుకుని ఆ కబురు చివరిదాకా విన్నాడు.

ఆఫీసుకొచ్చి అతని ఫోన్‌లో వేసిన బిల్డునే విప్పి చూశాను. సోమమ్మ ఫైలు ఒక్కటీ లేదు. ఆ గొంతు ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. పోగొట్టింది మాత్రం నేనే. రెండుసార్లూ.