వంగినోని బండి

లింగస్వామి నడుం ముప్పయ్యో ఏటికే వంగింది. ముసలితనం వల్ల కాదు, బరువులు మోసీ కాదు, తాగిన నీళ్ల వల్ల. మర్రిగూడ చుట్టుపక్కల ఊళ్లలో ఈ సంగతి ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ముందు పళ్ల మీద పసుపు మరకలేస్తుంది, తర్వాత మోకాళ్లను పట్టేస్తుంది, ఆ తర్వాత వెన్నుపూసలన్నింటినీ కలిపి ఒక్క కర్రలా బిగించేస్తుంది. తెలంగాణ వచ్చింది, కొన్నేళ్లకు ఇంటింటికీ నల్లా వచ్చింది, నల్లాలో కృష్ణ నీళ్లూ వచ్చాయి. మంచిదే, కాదన్నదెవరు? కానీ కొత్త నీళ్లు పాత వీపును నిలబెట్టవు గదా. లింగస్వామి తల్లి జానమ్మ అప్పటికే మంచానికి అతుక్కుపోయింది. ఆ మంచంలో అతనికి తన రేపు కనిపించేది.

అతని పని గొర్రెలకు సూదులు వెయ్యడం. పశువుల దవాఖానలో కాంపౌండర్ వెంట కొన్నేళ్లు తిరిగి నేర్చుకున్నాడు. మందుల ఐస్ డబ్బా బండికి కట్టుకుని మంద మందకూ పోయేవాడు. కాపరులు ‘గొర్ల డాక్టర్’ అనేవాళ్లు. మందలు రోడ్ల పక్కన ఉండవు, గుట్టల మీద, తుమ్మల మధ్య, బండి తప్ప ఇంకేదీ పోని జాగాల్లో ఉంటాయి. బండి ఉన్నన్నాళ్లే అతను డాక్టర్. బండి ఎక్కలేని రోజు జానమ్మ పక్కన ఇంకో మంచం వాల్చాల్సిందే. ఈ లెక్క అతనికీ తెలుసు, భార్య భాగ్యశ్రీకీ తెలుసు. ఇద్దరూ పైకి అనుకునేవాళ్లు కాదు.

కరోనా వచ్చి పోయిన ఏడాది ఆ రోజు దగ్గరికొచ్చేసింది. పాత బండి మీద నిటారుగా కూర్చోవాలి. వంగిన మనిషి నిటారుగా ఎలా కూర్చుంటాడు? హ్యాండిల్ పట్టుకుంటే రెక్కలు పీకేవి. ఎడమ మడమ బిగుసుకుపోయి గేరు మార్చడమే ఒక యజ్ఞమయ్యేది. పక్క ఊరు పోయొస్తే రాత్రంతా మూలుగే. చివరికి భార్యాభర్తలిద్దరూ బస్సెక్కి నల్లగొండ పోయారు. అక్కడ పాత బండ్లు అమ్మే ప్రేమ్‌సాగర్ అనే అతను మంచి మనిషి. లింగస్వామిని చూడగానే నాలుగు చక్రాల స్కూటీ చూపించాడు.

“ఇది నీకు సుకముంటదన్నా.”

“గుట్టెక్కుతదా?”

“గుట్టంటే... రోడ్డు మీద మస్తు పోతది.”

“రోడ్డు మీద గొర్లుండయి తమ్మీ.”

స్కూటీ ముచ్చట అక్కడితో అయిపోయింది. షెడ్డు మూలన దుమ్ము కొట్టుకుపోయి ఒక నల్ల బండి ఉంది. ముందుకు ఒంగి దూకబోతున్న పొట్టేలులా నిలబడి ఉంది. పట్నంలో ఎవరో కుర్రాడు మోజుపడి కొని, మోజు తీరాక అమ్మేశాడట. పాల క్యాన్లు కట్టుకోవడానికి వీల్లేదు, పిల్లల్ని ముందు కూర్చోబెట్టుకోవడానికి చోటు లేదు, అందుకని దాని మొహం చూసినవాడు లేడు. లింగస్వామి దాని దగ్గరికి నడిచాడు.

“గది పోరగాండ్ల బండన్నా. హ్యాండిల్ కిందికుంటది, నడుము వంచి నడపాలె...” అంటూనే ప్రేమ్‌సాగర్ నాలిక్కరుచుకున్నాడు.

లింగస్వామికి కోపం రాలేదు. భార్యను కాలు పట్టి ఎత్తమన్నాడు. సీటు మీద పడ్డాడు, చేతులు చాచాడు. అంతే. చేతులు ఎక్కడికి చేరాలో హ్యాండిల్ అక్కడే ఉంది. కడుపు ట్యాంకు మీద ఆనింది. కుర్రాళ్లు షోకు కోసం ఏ వంపు వంగుతారో, సరిగ్గా అదే వంపు అతనికి ఫ్లోరైడ్ ఇచ్చింది. ఏళ్ల తర్వాత మొదటిసారి వీపు నొప్పి చల్లారింది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోవాలని కూడా అనుకోలేదు.

“దిగయ్యా, చూసినోళ్లు నవ్వుతరు,” అంది భాగ్యశ్రీ.

“నవ్వనియ్. జరసేపు కూసోనియ్ నన్ను.”

ప్రేమ్‌సాగర్‌కు హుషారొచ్చింది. “దీనికి టార్క్ మస్తుంటదన్నా.”

“టార్క్ అంటే ఏంది?”

“గుంజుడు. కొన్ని బండ్లు ఉరికితేనే గుంజుతయి. ఇది నిమ్మలంగ పోయినా గుంజుతది. మూడో గేర్ల ఏసి ఇడిసిపెట్టు, గుట్టెక్కినా గేరు దించే పని లేదు. హ్యాండ్లింగు గూడ గట్లనే, నువ్వు ఎటు ఒరిగితే అటు పోతది.”

గేరు మార్చలేని కాలికి, తిరగని భుజాలకు ఇంతకంటే ఏం కావాలి? నడిపి చూద్దామని ఇద్దరూ బండి మీద పోయి పెట్రోల్ బంకు దగ్గర ఆగినప్పుడు భాగ్యశ్రీ బండి ట్యాంకును కొంగుతో తుడిచింది. కొన్నట్టే అని లింగస్వామికి అర్థమైంది.

ఊరు ఊరుకుంటుందా? గంతకు తగ్గ బొంత దొరికిందన్నారు. గూనోడు రేసుకు పోతున్నాడన్నారు. ఎద్దు పుండు కాకికి ముద్దు. లింగస్వామి పట్టించుకోలేదు. ఇంటి ముందు అరుగు మీద నిలబడితే భాగ్యశ్రీ కాలెత్తి అవతల వేసేది. ఇక సాయంత్రం దాకా దిగేవాడు కాదు. కాపరులే గొర్రెల్ని ఒక్కొక్కటిగా బండి దగ్గరికి తెచ్చి పట్టుకుంటే, కూర్చున్నచోటి నుంచే సూదులు వేసేవాడు. పాత బండి మీద పక్క ఊరికే మూలిగిన మనిషి ఇప్పుడు నాంపల్లి, చింతపల్లి దాటి డిండి దాకా పోతున్నాడు. నవ్విన నాపచేనే పండింది. కూతురు పూజను ఇంగ్లీషు మీడియం బడిలో వేశారు. ఆ ఒకటిన్నర ఏడాది అతని బతుకులో మంచి రోజులు, అవీ ఎక్కువ కాలం నిలవలేదు.

ఎందుకంటే ఎక్కడికి పోయినా చెంబెడు నీళ్లు ఇచ్చేవాళ్లు.

ఇది బయటివాళ్లకు అర్థమయ్యే సంగతి కాదు. లింగస్వామి తండ్రి మాల వాడలో పుట్టినవాడు. ఆయన మందల దగ్గరికి కూలికి పోతే దోసిలి పట్టించి పైనుంచి నీళ్లు పోసేవాళ్లు, చెంబు ముట్టనిచ్చేవాళ్లు కాదు. అదే గొల్లకురుమల ఇళ్లలో ఇప్పుడు కొడుకు చేతికి చెంబు ఇస్తున్నారు. “దూపైతుండొచ్చు, తాగు డాక్టరా,” అని ఆడవాళ్లు ఎదురొచ్చి ఇస్తున్నారు. వద్దని ఏ నోటితో అంటాడు? ఆ చెంబు కోసం తండ్రి ఒక జన్మంతా చూశాడు. ఇంట్లో ఒక్క గుక్క బోరు నీళ్లు ముట్టని మనిషి, మంద దగ్గర చెంబు కింద పెట్టకుండా తాగేవాడు. మందల దగ్గరికి నల్లా ఎక్కడిది? అన్నీ బోరు నీళ్లే. బండి ఎంత దూరం గుంజితే అన్ని చెంబులు.

మెడ పట్టేసిన రోజు దిండు సరిగా లేదనుకున్నాడు. నెల తిరిగేసరికి తల పైకి లేవడం మానేసింది. హైదరాబాద్ పెద్ద దవాఖానలో డాక్టర్ ఎక్స్‌రే ఫొటోలు లైటు ముందు పెట్టి చూశాడు.

“నీళ్లు మార్చినవా?”

“మా ఇంట్ల నల్లా నీళ్లే సార్, ఏండ్లాయె.”

“బయట?”

లింగస్వామి చొక్కా గుండీలు పెట్టుకోసాగాడు. భాగ్యశ్రీ మొగుడి వైపు చూసింది, ఆమెకు ఆ క్షణంలోనే అంతా అర్థమైపోయింది. బస్సు దిగాక, “తప్పు నీకు నీళ్లిచ్చినోళ్లది కాదు, తాగినోనిది, నీది,” అంది. మర్నాడు బాటిల్‌లో నల్లా నీళ్లు నింపి బండికి కట్టింది.

ఆ బాటిల్ తోనే బీరన్న మందకు పోయాడు. బీరన్న ముసలి కురుమ, ఈ చుట్టుపక్కల అందరికంటే పెద్ద మంద అతనిది. అలవాటుగా చెంబు తెచ్చాడు. లింగస్వామి బాటిల్ చూపించాడు.

“మా నీళ్లు ఇగ తాగవా?” అన్నాడు బీరన్న. కోపంగా అనలేదు, నొచ్చుకుని అన్నాడు.

లింగస్వామి చెంబు అందుకుని తాగాడు. విషమని తెలిసి, ఎవరి కోసం తాగుతున్నాడో కూడా తెలిసి తాగాడు. ఈ మనిషిని తిట్టాలో దండం పెట్టాలో తెలియదు.

నల్ల బండిని వీపుకు కొలుచుకుని ఎంచుకున్నాడు. మెడ సంగతి అప్పుడు ఎవరికి తట్టింది? ముందుకు వాలి నడిపే బండి మీద రోడ్డు కనబడాలంటే తల ఎత్తాలి. తల ఎత్తలేనివాడికి ట్యాంకు, ముందు చక్రం, చక్రం ముందు నాలుగు మూరల నేల తప్ప ఇంకేమీ కనబడవు. ఇంకెవరైనా అయితే తాళంచెవి గోడకు తగిలించేవాళ్లు. భాగ్యశ్రీ పంజాబీ డ్రస్సు తొడుక్కుని, ఐస్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, మగవాళ్లలా రెండు దిక్కులా కాళ్లేసి వెనక కూర్చుంది. ఆ బండి వెనక సీటు ఎత్తుగా ఉంటుంది, మొగుడి తల మీదుగా ఆమెకు రోడ్డంతా కనబడేది. కుడి భుజం తడితే కుడికి, ఎడమ భుజం తడితే ఎడమకు, రెండూ నొక్కితే ఆగాలి. ఊరు ఈసారి నవ్వలేదు. చూసి, పిల్లల్ని లోపలికి పిలిచి తలుపులేసుకుంది.

అలా ఒక చలికాలం గడిచింది. ఉగాది ముందు భాగ్యశ్రీకి జ్వరం తగిలింది. చెరువు కట్ట కింద బీరన్న గొర్రెలకు నోటి పుండ్లు లేచాయని ఫోనొచ్చింది.

“నువ్వు పోకు. పిల్ల బడికెళ్లి రానీ, లేకుంటే ఎవలనన్న ఎంట తీస్కపో,” అంది భాగ్యశ్రీ మంచం మీంచి.

“ఈడనే గద. కండ్లు మూసుకోని పోతా.”

ఎదురింటివాళ్ల చేత కాలెత్తించుకుని బయల్దేరాడు. దారి అతనికి కంఠతా వచ్చు. గుంతలు తెలుసు, మలుపులు తెలుసు, మలుపు దగ్గర ఎంత ఒరగాలో నడుముకే తెలుసు. బండి చెప్పినట్టు విన్నది. చాలా రోజుల తర్వాత భుజాల మీద ఎవరి చేతులూ లేకుండా పోతున్నాడు, హాయిగానే ఉంది. వాడ మలుపు తిరిగాడు. చక్రం ముందు నేల మీదికి రెండు బూట్లు వచ్చాయి.

బ్రేకు మీద చెయ్యి ఎలా పడిందో అతనికి తెలియదు. బండి వెనక చక్రం పక్కకు జారి, ఊగి, నిలబడింది. ముందు చక్రం ఆ బూట్లకు జానెడు దూరంలో ఆగింది. దుమ్ము పట్టిన నల్ల బూట్లు, కిందికి జారిన తెల్ల మేజోళ్లు. కదలడం లేదు. అతను తల ఎత్తాలని చూశాడు. మెడ ఎత్తనివ్వలేదు. కోపం తన్నుకొచ్చింది.

“ఎవల బిడ్డవే? రోడ్డు నడుమ నిలబడుతరా? మీ నాయిన యాడున్నడు, ఏం జేస్తుండు? పిల్లల్ని గిట్ల ఇడిసిపెట్టిండా?”

బూట్లు ఒక అడుగు వెనక్కి వేశాయి. తర్వాత ఏడుపు గొంతుతో బదులొచ్చింది.

“నేను నాయినా, పూజను. చెయ్యూపిన గద. నువ్వు ఆపుతవనుకున్న.”

లింగస్వామి బండి తాళం తిప్పాడు. ఇంజను ఆగింది. ఇక దిగాలి, కాలు పట్టమ్మా, అని కూతురిని అడిగాడు.